డ్యామేజ్ పీస్

రాఘవేందర్ సార్ ఆ లేఖ పంపితే నా దరఖాస్తు పూర్తవుతుంది. పంపకపోతే లేదు. అంతే.

మిగిలినవన్నీ నేను ఎప్పుడో చేసేశాను. మార్కుల మెమోలు ఎక్కించాను. ఫొటో ఎక్కించాను. ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్ ఎందుకు చదవాలనుకుంటున్నానో ఒక పేజీ రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఎక్కించాను. రెండు సిఫారసు లేఖలు కావాలన్నారు. మొదటిది కెమిస్ట్రీ సార్ అడిగిన వారంలోనే పంపారు. రెండోది మా హెచ్‌ఓడీ రాఘవేందర్ సార్ పంపాలి. హైదరాబాదులోని ఆ సంస్థ వాళ్లు ఆయన మెయిల్‌కు ఒక లింకు పంపారు. దాన్ని నొక్కాలి, లేఖ పెట్టాలి, ఇంకోసారి నొక్కాలి. పొద్దున్నే వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపడానికి మా పెద్దమ్మ అంతకంటే ఎక్కువ కష్టపడుతుంది.

దాని కోసం నెలరోజులుగా గద్వాల నుంచి పెబ్బేరు మీదుగా వనపర్తికి బస్సెక్కుతున్నాను. డిగ్రీ అయిపోయినా కాలేజీకి పోయి స్టాఫ్‌రూమ్ బయట నిలబడుతున్నాను. ఒకరోజు "సర్వర్ బిజీ ఉందమ్మా" అన్నారు. ఇంకోరోజు "ఓటీపీ వస్తలేదు" అన్నారు. ఆ లింకుకు ఓటీపీ అవసరమే లేదు. ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది, కానీ సార్‌కు ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు. "సరే సార్, మళ్లొస్త సార్" అని వచ్చేశాను.

లేఖ కూడా ఆయన రాయలేదు. "నువ్వే రాసుకొని తే, నేను పెడత" అన్నారు. మా దగ్గర అదే పద్ధతి. నా సీనియర్లందరూ తమ లేఖలు తామే రాసుకున్నారు. నా గురించి నేనే "ఈ విద్యార్థిని చాలా తెలివైనది" అని రాయడానికి చెయ్యి రాలేదు. క్రమశిక్షణ గలదని, పెద్దలంటే గౌరవమని, హాజరు బాగుందని రాశాను. చదువుకుంటే టీసీతో పాటు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ లాగుంది. అయినా దాన్నే ప్రింటు తీసి, ఫైలు కూడా మెయిల్ చేసి, రెండు చేతులతో సార్‌కు ఇచ్చాను.

సార్ దాన్ని హాజరు పుస్తకం కింద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, "మీది గద్వాల గదా?" అన్నారు.

"అవును సార్."

"మగ్గమోళ్లేనా?"

"అవును సార్."

"మా మేడం ఎన్నోసార్లు అన్నది, అసలు గద్వాల చీర ఒకటి కట్టాలె అని. దుకాణంల కొంటె అసలుదో నకిలీదో తెల్వదు గదా. మీ ఇంట్ల చీరలకేం తక్కువమ్మా, మగ్గం ఇంట్లనే ఉండె."

బ్యాంకులో క్యాషియర్ ఇంటికి పోయి "మీ ఇంట్లో నోట్లకేం తక్కువ" అని సార్ అంటారా? మా ఇంట్లో మగ్గం ఉంది. దానిమీద ఉన్న చీర మాది కాదు. నూలు షావుకారిది, పట్టు షావుకారిది, జరీ షావుకారిది. మాది చెయ్యి. చీర అయిపోగానే మడతపెట్టి ఆయన ఇంటికి చేర్చి, ఇంకో చీరకు సామాను తెచ్చుకుంటాం. ఇది గద్వాలలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. యాభై కిలోమీటర్ల అవతల పీహెచ్‌డీ చేసిన ఆయనకు తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఈ మాటను కోపంగానే చెప్పాను. అమ్మ, నాన్న మగ్గం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరువేరు దారాలు కాబట్టి, ప్రతి పోగు దగ్గరా నూలును పట్టును చేత్తో మెలివేసి కలపాలి. అందుకే మగ్గానికి ఇద్దరు.

నాన్న అంజన్న నవ్వాడు. "చీరే అడిగిండు గదా, మగ్గం అడగలే. నయమే."

అమ్మ నవ్వలేదు. "ఏ రంగు అడిగిండు?" అంది.

"ఏ రంగైతేంది, మనమేమన్న ఇస్తమా?" అన్నాను.

అమ్మ జవాబు చెప్పకుండా పోగుల మధ్య నాడె విసిరింది. నేను అక్కడే అర్థం చేసుకోవాల్సింది. మా అమ్మ భూలక్ష్మి మాట్లాడలేదంటే ఒక నిర్ణయానికి వచ్చిందని అర్థం. నాకు అప్పుడు తట్టలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. బయోఇన్ఫర్మాటిక్స్ అంటే ఏంటో అమ్మకు చాలాసార్లు చెప్పాను. పల్లి చేనుకు ఆకుమచ్చ తెగులు వస్తుంది కదా, కొన్ని రకాలకు రాదు, ఎందుకు రాదు అనేది ఆ మొక్క లోపల అక్షరాల్లాగా రాసి ఉంటుంది, ఆ అక్షరాలను కంప్యూటర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి ఎక్కడ తేడా ఉందో వెతుకుతాం అన్నాను. అమ్మ అంతా విని, "తేడా వెతకనీకి ఎమ్మెస్సీ ఎందుకే? షావుకారి పది నిమిషాలల్ల వెతికి కూలి కోస్తడు" అంది.

ఆ పల్లి పనే నా ఫైనలియర్ ప్రాజెక్టు. దాని మీద మొదటి పేజీలో 'మార్గదర్శకులు: డాక్టర్ రాఘవేందర్' అని అచ్చయింది. నిజానికి నేర్పింది వనజ మేడం. ఆమె గెస్ట్ లెక్చరర్. మధ్యాహ్నం అన్నం టైములో తన సొంత లాప్‌టాప్ తెరిచి, నాకు ప్రోగ్రాం రాయడం నేర్పింది. నేను రాసినదాన్ని ముక్కలు ముక్కలు చేసి తిట్టింది. మళ్లీ రాయించింది. కొత్త విద్యా సంవత్సరానికి గెస్టులను మళ్లీ తీసుకోలేదు. మేడం నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో చేరిందని విన్నాను. సిఫారసుకు ఆమె పేరు పెట్టాలని నాకు ముందే అనిపించింది. కానీ హెచ్‌ఓడీ లేఖ అయితేనే బరువుంటుందని అందరూ అన్నారు. గెస్టు లేఖ చెల్లదన్నారు. కాలేజీ మెయిల్ లేనివాళ్లది చూడను కూడా చూడరన్నారు. నేను సంస్థ వాళ్లను అడగలేదు. అందరూ అన్నారు కాబట్టి అదే రూలనుకున్నాను.

చివరి తేదీ వచ్చింది. సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. పొద్దున్నే మొదటి బస్సుకు పోయి స్టాఫ్‌రూమ్ ముందు నిలబడ్డాను. సార్ వచ్చి నన్ను చూసి, "ఆ, వర్షా, రా రా, మంచిగ దొరికినవ్" అన్నారు. ఆయన అంత సంతోషంగా పిలవడం అదే మొదలు. పంపేశారేమో అనుకున్నాను.

ఆయన బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ కవర్ తీశారు. ఆ కవర్ నాకు తెలుసు. మా వీధి కిరాణా కొట్టు పేరు దాని మీద ఉంది. ఆయన అందులోంచి చీర తీసి బల్లమీద పెట్టారు.

అది అమ్మ ముక్కల చీర.

చీర అయిపోయాక అంచు దారం చుట్టిన కండెల్లో కాస్త పట్టు మిగులుతుంది. ఒక్కోదాంట్లో మూరెడు, బారెడు. షావుకారి దాన్ని లెక్కలోకి తీసుకోడు. అమ్మ వాటిని పారేయకుండా ఒక హార్లిక్స్ సీసాలో దాచేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ సీసా మా అటక మీద ఉంది. ఒక వేసవిలో పని లేక మగ్గం ఖాళీగా ఉన్నప్పుడు, తెల్లనూలు కొనుక్కుని, ఆ మిగులు పట్టుతో అంచు నేసుకుంది. అంచు చిలకపచ్చగా మొదలవుతుంది. జానెడు పోయాక మామిడిపండు రంగు, తర్వాత ఉల్లిపొర రంగు, తర్వాత నెమలికంఠం. ఎవరెవరి పెళ్లిళ్లకో పోయిన చీరల అంచులన్నీ ఆ ఒక్క చీరలో ఉన్నాయి. రంగు మారిన ప్రతిచోటా కొత్త పోగును పాతదానితో కలిపిన అతుకు వేలితో తడిమినా తెలియదు. మా వాడలో ఆడవాళ్లు దాన్ని చూడటానికే మా ఇంటికి వచ్చేవాళ్లు. అమ్మ ఆ చీరను కట్టింది చాలా తక్కువ. మా ఇంట్లో మా చేతుల మీద నేసి మా దగ్గరే మిగిలిన చీర అదొక్కటే.

"మీ అమ్మ ఆదివారం ఇంటికొచ్చి ఇచ్చిపోయింది" అన్నారు సార్. "పాపం, ఇంత దూరం బస్సుల వచ్చింది. నేను చాయ్ తాగమన్న, తాగలే."

ఆదివారం కొత్తకోటలో చిన్నమ్మకు బాగాలేదని, చూసొస్తానని అమ్మ ఉదయమే పోయింది.

"కాని వర్షా, ఏమనుకోకు." సార్ అంచును రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తారు, చెంబులో పడిన ఈగను తీసేవాళ్లలాగా. "ఇది డ్యామేజ్ పీస్ లెక్కుంది. చూడు, అంచు ఒక్క రంగు లేదు. ఏడికాడ మారుతుంది. మా మేడం చూసి ఒకటే నవ్వుడు. అమ్ముడువోనిది అంటగట్టిన్రని."

నేను అంచు వైపే చూశాను.

"మీ అమ్మకు తెల్వక ఇచ్చి ఉంటది. తప్పువట్టను. ఇది తీస్కపోయి, మెరూన్ అంచుది, సింగిల్ కలర్ది ఒకటి తే. నువ్వు అది తెచ్చిన్నాడే లెటర్ పంపుత."

"సార్, ఇయ్యాల ఐదింటికి బందయితది సార్."

"అరె, ఎక్స్‌టెండ్ చేస్తరు. ఎప్పుడన్న ఒక్కసారికే బంద్ చేసిన్రా? నాకు తెల్వదా?"

"చెయ్యకపోతే సార్?"

"చెయ్యకపోతే వచ్చే సంవత్సరం. నీకేం వయసు మీరిపోయిందా?" ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "గింత పరేషాన్ ఎందుకు? నీ గురించి మంచిగ పెడత. నా గైడెన్స్‌ల చేసినవ్, నాకు తెల్వదా నీ పని."

అప్పుడు నేను అడిగిన ప్రశ్న ముందుగా అనుకున్నది కాదు. దానంతట అదే వచ్చింది.

"సార్, నా ప్రాజెక్టు ఏ పంట మీద?"

సార్ నన్ను చూశారు. తర్వాత కిటికీ వైపు చూశారు.

"పత్తి గదా."

"పల్లి సార్."

"ఏదైతేంది? రెండూ పంటలే గదా." ఆయన ముఖం మారింది. "ఏంది, నన్ను ఎగ్జామ్ చేస్తున్నవా?"

మూడేళ్లు ఆయన గదికి టీ ఫ్లాస్కు మోశాను. ఆయన దిద్దిన పేపర్లకు మార్కులు కూడిపెట్టాను. ఇన్‌స్పెక్షన్‌కు గోడల మీద చార్టులు అంటించాను. ఆయనకు నేను చేసింది పల్లో పత్తో తెలియదు. నేను చీరను మడతపెట్టాను. మడత సరిగ్గానే వచ్చింది, అది చిన్నప్పటి నుంచి అలవాటు. కవర్లో పెట్టి సంచిలో వేసుకున్నాను.

"మెరూన్ అని చెప్పు, మర్చిపోతవ్" అన్నారు సార్.

"చెప్త సార్" అన్నాను. అప్పుడు కూడా 'సార్' అనే అన్నాను. అదే నాకు ఎక్కువ మండింది.

బస్టాండుకు వచ్చి, సంస్థ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఈ పని నెల కిందట చేయాల్సింది. చాలాసేపు మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. రెండో సిఫారసు హెచ్‌ఓడీదే కావాలా మేడం, గెస్ట్ లెక్చరర్‌ది చెల్లదా మేడం, కాలేజీ మెయిల్ లేకపోతే తీసుకోరా మేడం అని ఊపిరి తీసుకోకుండా అడిగాను.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అంది ఆమె.

"అందరూ మేడం."

"మేమైతే చెప్పలేదు. నీ పని చూసినవాళ్లు ఎవరైనా సరే. నీ లాగిన్‌లో పేరు మార్చు, వాళ్లకు కొత్త లింకు పోతుంది. మార్చాక పాత లింకు పనిచేయదు. ఐదు దాటితే నేనేం చేయలేను."

ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడిపోయాను. అంటే ఆ రూలు ఎక్కడా లేదు. మేమే పెట్టుకున్నాం. పెద్ద కుర్చీలో ఎవరుంటే వాళ్ల దగ్గరికే పోవాలని, పోయి నిలబడాలని, ఎవరూ అడక్కుండానే మాకు మేమే రాసుకున్న రూలు. మా అమ్మ చీర ఆ రూలుకు చెల్లించిన దక్షిణ.

వనజ మేడంకు ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫ్. స్కూల్లో టీచర్ల ఫోన్లు ఆఫీసులో పెట్టిస్తారని ఎవరో చెప్పగా విన్నాను. నాగర్‌కర్నూల్ బస్సు కదులుతోంది. ఎక్కేశాను.

కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్?" అంది.

"ఏడుస్తలేనక్కా. కోపమొచ్చింది."

"అట్లనా. నాకు గూడ గట్లనే వస్తది కంట్లకెల్లి" అని ముందు సీటుకు పోయింది.

బిజినేపల్లిలో బస్సు ఆగింది. నెట్ అక్కడ బాగా వస్తోంది. లాగిన్ తెరిచాను. రాఘవేందర్ సార్ పేరు పక్కన 'ఇంకా అందలేదు' అని ఉంది. దాని కింద 'మార్చు' అని ఉంది. మేడంను నేను ఇంకా అడగనే లేదు. ఆమె అసలు స్కూల్లో ఉందో, సెలవులో ఉందో తెలియదు. ఉన్నా ఒప్పుకుంటుందో లేదో తెలియదు. సార్ అయినా మనసు మార్చుకుని పంపితే, ఇప్పుడు నేను నొక్కితే అది కూడా పోతుంది. ఇవన్నీ ఆలోచించాను. 'అమ్ముడువోనిది' అన్న మాట గుర్తొచ్చింది. నొక్కేశాను. మేడం పేరు, ఆమె సొంత మెయిల్ పెట్టాను. బస్సు కదిలింది.

స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటన్న నన్ను లోపలికి పోనివ్వలేదు. "పేరెంటువా? కాదు. ఫీజు గట్టనీకొచ్చినవా? కాదు. మరెవరు?" అన్నాడు. వనజ మేడం స్టూడెంట్‌నని చెబితే, "ఇంత పెద్దగైనంక గూడ వదల్తలేరా ఆమెను?" అని లోపలికి పోయి చెప్పొచ్చాడు. లంచ్ గంట కొట్టాక మేడం వచ్చింది. చేతికి సుద్ద అంటుకుని ఉంది. సన్నబడింది. గేటు పక్కన అరుగు మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది.

"గుర్తొచ్చిన్నా?" అంది.

నేను జరిగింది చెప్పాను. చీర సంగతి కూడా చెప్పాను. ఆమె తింటూనే విన్నది.

"అయితే సార్ పంపలేదు కాబట్టి నా దగ్గరికొచ్చినవ్. పంపి ఉంటే వచ్చేదానివా?"

"లేదు మేడం" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"ఎందుకు?"

"గెస్ట్ లెటర్ చెల్లదన్నరు మేడం. మీకు కాలేజీ మెయిల్ లేదని..."

"మెయిల్ లేకుంటె మనిషే లేనట్టా?" డబ్బా మూత గట్టిగా పెట్టింది. "మూడేండ్లు ఆ కాలేజీల పాఠం చెప్పిన. నేను పోయినంక నా పేరు ఒక్క కాయితం మీదన్న ఉందా? నీ ప్రాజెక్టు మీద ఎవరి పేరుంది? నీ చేతులతోనే టైపు చేసినవ్ గదా ఆ పేరు. అప్పుడు తప్పనిపించలేదా?"

"అనిపించింది మేడం. అడగలే."

"ఎందుకడగలే?"

"సార్ గదా మేడం."

"సార్ గదా." ఆమె నన్ను వెక్కిరించినట్టు అనలేదు. లోపల పిల్లలు అరుస్తున్నారు. తర్వాత, "ఆ చీర చూపియ్" అంది.

చూపించాను. మేడం చేతిని తన కొంగుకు తుడుచుకుని, ముట్టుకోకుండా వంగి చూసింది. లేచి లోపలికి పోయి ఆఫీసులోంచి తన ఫోన్ తెచ్చుకుంది. వెంకటన్న, "మేడం, ప్రిన్సిపల్ సార్ చూస్తడు" అన్నాడు. "చూడనియ్ వెంకటన్నా. ఉన్న నౌకరి గింతే గదా" అంది.

ఆమె అరుగు మీద కూర్చుని బొటనవేళ్లతో టైపు చేయడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి నన్ను అడిగింది. "మొదట తప్పు ఫైలు పెట్టి వారం పనిచేసినవ్ జూడు, అది నీకు నువ్వే ఎట్ల పట్టుకున్నవ్?"

"ఒక రకానికి పొడవు తక్కువొచ్చింది మేడం. అనుమానమొచ్చి మొదటికెళ్లి చూసిన."

"అది రాస్తున్న."

"తప్పు చేసిన్నని రాస్తరా మేడం?"

"తప్పు చేసినవని, దొరికినంక దాచలేదని రాస్త. ఆకుమచ్చ సంగతి రాస్త. ఇంగ్లీషు తడబడతదని గూడ రాస్త. వాళ్లకు నువ్వు గావాలె, దేవత గాదు."

"ఒకసారి చూడొచ్చా మేడం?"

"చూడొద్దు." ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది. "సిఫారసు అంటె అదే. నీకు చూపిచ్చేదైతే నీతోనే రాయిద్దును."

ఆమె పంపేసింది. కాసేపటికి నా ఫోన్ మోగింది. రెండో సిఫారసు అందిందని మెసేజి. నేను అక్కడే, వెంకటన్న స్టూలు పక్కన నిలబడి, దరఖాస్తు చివరి బటన్ నొక్కాను. నా గురించి ఒకరు రాసిన లేఖ ఒకటి ఈ లోకంలో ఉంది, అందులో ఏముందో నాకు తెలియదు. లోపల మంట మాత్రం అలాగే ఉంది. మేడం క్లాసుకు గంట కొట్టారు. "అన్నం తిన్నవా?" అని అడిగి, జవాబు వినకుండా లోపలికి పోయింది.

గద్వాల చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. లోపలికి పోయి కవర్ను మగ్గం పక్కన నేల మీద పెట్టాను. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. చేతులు ఆపలేదు.

"ఎందుకు తెచ్చినవే?"

"నువ్వెందుకిచ్చినవ్? కొత్తకోటకు పోతున్నన్నవ్. ఎవరియ్యమన్నరు నిన్ను?"

"నా చీర. నాయిష్టం."

"నా చదువు. నా దరఖాస్తు."

"ఉత్తగ అయితదా పని? ఎవరన్న చేస్తరా?" అమ్మ గొంతు పెంచింది. "నెల సంది బస్సులకు తిరుగుతున్నవ్. దినాం మొకం గింత చేస్కొని వస్తున్నవ్. నేను ఊకె కూసుండాల్నా? సార్‌కు ఇచ్చేది మంచిదే ఇయ్యాలని ఇంట్ల ఉన్న మంచిది ఇస్తి. తప్పా?"

"ఇంక నయం, నన్నియ్యలే" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

సార్ అన్న మాట అమ్మకు చెప్పకూడదనే దారంతా అనుకుంటూ వచ్చాను. లేఖ ముందే పంపారు, చీర వద్దన్నారు అని చెప్పాలనుకున్నాను. కానీ 'మంచిది ఇస్తి' అని అమ్మ అనగానే నా నోరు ఆగలేదు.

"డ్యామేజ్ పీస్ అన్నడమ్మా! నీ చీరను డ్యామేజ్ పీస్ అన్నడు. అమ్ముడువోనిది అంటగట్టినవని వాళ్లావిడ నవ్విందట. మెరూన్‌ది తెమ్మన్నడు!"

మగ్గం ఆగింది.

అమ్మ మగ్గం కింది గుంటలోంచి లేచి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చాప పరిచి, దీపం కిందికి చీరను తీసి, కొస నుంచి విప్పడం మొదలుపెట్టింది. అంచు మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుకుంటూ పోయింది. చిలకపచ్చ, మామిడిపండు, ఉల్లిపొర. షావుకారి ముందు కూర్చున్నప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది. ఎక్కడైనా పోగు తెగిందా, అతుకు వదిలిందా, నూలుకు పట్టుకు మధ్య సందు పడిందా అని. నాన్న అటువైపు కొస పట్టుకున్నాడు. నేను నిలబడి ఉన్నాను. చీర మొత్తం అయ్యేదాకా అమ్మ వేలు ఎక్కడా ఆగలేదు.

"ఏడుంది డ్యామేజ్?" అంది అమ్మ.

"ఏడ లేదమ్మా."

"ఏడ లేదు" అన్నాడు నాన్న.

"మరెందుకన్నడు?"

అమ్మ చీరను పూర్తిగా మడిచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. "లెటర్ ఏమైంది?" అని అడిగింది. వనజ మేడం పంపిందని, దరఖాస్తు అయిపోయిందని చెప్పాను.

"ఆమె ఏమడిగింది?"

"ఏమడగలే. అన్నం తిన్నవా అన్నది."

అమ్మ తల ఊపింది. "ఆ సార్‌కు ఫోన్ కలుపు."

"ఎందుకమ్మా ఇప్పుడు? అయిపోయింది గదా."

"నీది అయిపోయింది. కలుపు."

కలిపి స్పీకర్ పెట్టాను. సార్ ఎత్తి, "ఆ వర్షా, చెప్పినవా మీ అమ్మకు?" అన్నారు.

"నేనే సార్, వాళ్లమ్మను. భూలక్ష్మిని." అమ్మ గొంతు షావుకారితో మాట్లాడేటప్పటిలా నెమ్మదిగా ఉంది. "మీకు మెరూన్ అంచుది గావాల్నన్నరంట."

"ఆ, అవునమ్మా. తొందరేం లేదు."

"రాజావీధిల మా షావుకారి దుకాణముంటది సార్. బోర్డు మీద మగ్గం బొమ్మ ఉంటది. మెరూన్‌వి శాన ఉన్నయ్. అండ్ల సగం మేం నేసినవే. ధర గట్టి తీస్కపోండ్రి. నా పేరు చెప్పకుండ్రి, చెప్తె ఎక్కువ తీసుకుంటడు."

"ఏందమ్మా, గట్ల మాట్లాడుతున్నవ్? నీ బిడ్డ లెటర్..." అన్నారు.

"లెటర్ పోయింది సార్. వేరే మేడం పంపింది. పని తెలిసినామె." అమ్మ చీర మడత మీద చెయ్యి పెట్టింది. "ఇంకొకటి సార్. ఆ చీర అంతా తిరిగేసి చూసిన. డ్యామేజ్ లేదు. మీ కండ్లు ఒకసారి దవాఖానల చూపిచ్చుకోండ్రి."

ఫోన్ పెట్టేయడం ఎలాగో అమ్మకు తెలుసు. అయినా నా చేతికిచ్చింది, నేను కట్ చేశాను.

తర్వాత అమ్మ లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. మిల్లు చీర తీసేసి ముక్కల చీర కట్టుకుంది. పండగ కాదు, పెళ్లి కాదు. గుంటలోకి దిగి, నాన్న పక్కన కూర్చుని, కొంగు నడుముకు చెక్కుకుంది. మగ్గం మీద ఉన్నది షావుకారి చీరే, మెరూన్ అంచుది, సగం మిగిలి ఉంది.

"నిలవడ్డవేంది?" అంది నా వైపు చూడకుండా. "కండెలు చుట్టు."